లైసెన్సు కట్టిన రేడియో

సర్కారుకు కట్టిన పన్నులో పైసా కూడా వృథాగా పోనివ్వకూడదు. మా ఇంటి ఓనరు యెహెజ్కేలు గారికున్న పిచ్చి ఇదొక్కటే. టీవీ సీరియళ్లు తీసేవాళ్లకు ప్రభుత్వం డబ్బివ్వాలా, ఇస్తే పన్ను కట్టేవాడికి ఒరిగేదేమిటి అని ఇప్పుడు పేపర్లలో తెగ వాదించుకుంటున్నారు. ఆయనే ఉంటే, పేర్లు పడటం మొదలు కళ్లార్పకుండా చూసి, కట్టిన డబ్బంతా రాబట్టుకునేవారు.

నేను చెప్పేది అరవై తొమ్మిది నాటి సంగతి. అప్పటికి మా దిల్‌సుఖ్‌నగర్‌లో టీవీ పేరు విన్నవాడు లేడు. ఉన్నది రేడియో. దానికి ఏటా పోస్టాఫీసులో పదిహేను రూపాయల లైసెన్సు కట్టాలి. మలక్‌పేట రైల్వే స్టేషన్లో పనిచేసి రిటైరైన యెహెజ్కేలు గారు ఠంచనుగా కట్టేవారు. కట్టాక ఊరుకుంటారా? పొద్దున ప్రసారం మొదలైన దగ్గర్నుంచి రాత్రి మూసేదాకా ఒక్క ముక్క వదలకుండా వినేవారు.

సినిమా పాటల కోసం చుట్టుపక్కల వాళ్లు ఆయన వాకిట్లో చేరేవారు. పాటలకు ముందు రైతుల కార్యక్రమం కూడా వినాల్సిందే. మధ్యలో లేవకూడదు, మాట్లాడకూడదు.

"పాటలొక్కటే ఇంటమంటే ఎట్ల? వరి తెగులుకు గూడ పైసలు కట్టిన," అనేవారు.

వాయుగుండం పట్టింది, జాలర్లు వేటకు వెళ్లరాదని రేడియో హెచ్చరిస్తే ఆయన భార్య సారమ్మ గారు విసుక్కునేవారు. "మనకు సముద్రమేడిది? జర బంద్ చెయ్యరాదు."

"బంద్ చేస్తే పైసలు వాపసిస్తరా? ఇయ్యరు. మరి ఇను."

ఒకసారి రేడియో వాళ్లకు కార్డు కూడా రాశారు. 'చెరుకు తెగులు గురించి ఈ నెల మూడుసార్లు చెప్పినారు. మాకు ఒక్కసారికే అర్థమైనది. మిగిలిన రెండుసార్ల పైసలకు పాటలు వేయగలరు.' జవాబు రాలేదు.

ఆయన ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో పది రోజులు జైల్లో ఉండి వచ్చిన మనిషి. వీధి చివర బస్సు తగలబడుతుంటే, నగరం ప్రశాంతంగా ఉందని వార్తల్లో చెప్పారు. "నా పైసలు తిని నాకే అబద్ధం చెప్తవా?" అని రేడియోని తిట్టారు. ఆపడం మాత్రం ఆపలేదు.

ఆయన వెనక వాటాలో మేం కిరాయికుండేవాళ్లం. మాది తెనాలి, నేను సెక్రటేరియట్లో గుమాస్తాని. ఆంధ్రావాళ్ల ఇళ్లకు గుంపులొచ్చి ఖాళీ చెయ్యమంటున్న రోజులవి. మా ఆవిడ కామాక్షికి ఎనిమిదో నెల. ప్రయాణం పనికిరాదని డాక్టరమ్మ ఖండితంగా చెప్పింది. ఉండాలంటే భయం, పోవాలంటే దారి లేదు.

జూన్‌లో ఒక సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి వాకిట్లో ఏడుగురు కుర్రాళ్లు ఒళ్లో కర్రలు పెట్టుకుని చాప మీద కూర్చున్నారు. రేడియో చెవులు పగిలేలా మోగుతోంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. యెహెజ్కేలు గారు నన్ను చూసి గద్దించారు.

"ఏం సుందరయ్యా, గింత ఆలస్యమా? సగం అయిపోయింది. కూసో. నోరు తెరిచినవంటే చూడు."

నా పేరు శ్రీరామమూర్తి. అయినా నోరు విప్పితే తెనాలి యాస బయటపడుతుందని తోచి, సుందరయ్యనై వాళ్ల మధ్య చతికిలబడ్డాను.

వాళ్ల నాయకుడు, బాలాపూర్ మట్టయ్య, నా చెవి దగ్గరికొచ్చాడు. "అన్నా, గా ఆంధ్రాయన ఎప్పుడొస్తడు?"

ఏమో అన్నట్టు చెయ్యి తిప్పాను.

"గంటసేపట్నుంచి కూసోబెట్టిండు. గీ పెద్దమనిషి ఎప్పుడు గిట్లనేనా?"

గట్టిగా తలూపాను. ఇందులో అబద్ధమేమీ లేదు.

"మట్టయ్యా, ముచ్చట బంద్. లైసెన్సు నువ్వు కట్టినవా?" అన్నారు యెహెజ్కేలు గారు.

వేరుశనగ పురుగు అయింది. బజారు ధరలయ్యాయి. ఇంగ్లీషు వార్తలొచ్చాయి. ఇద్దరు కుర్రాళ్లు నిద్రపోయారు. ఇంకొకడు మిర్చి ధర విని, వాళ్ల నాయన అగ్గువకు అమ్ముకున్నాడని దిగులుపడ్డాడు. మట్టయ్య లేవబోయాడు.

"మామా, ఇల్లు ఖాళీ సంగతి..."

"అయిపోయినంక. జైల్ల నీ పక్కన పండుకున్నోణ్ని, గింత మాట ఇనవా?"

తర్వాత సంగీత కచేరీ మొదలైంది. ఆలాపన పావుగంట దాటాక మట్టయ్య చేతులు జోడించాడు. "మామా, ఇంట్ల మా అమ్మ ఎదురుచూస్తది. రేపొస్తం."

"జర జల్ది రాండ్రి. మొత్తం ఇనొచ్చు."

రేపు కాదు గదా, ఏడాది గడిచినా వాళ్లు రాలేదు.

వాళ్లటు వెళ్లగానే మా వాటాకి పరిగెత్తాను. తాళం వేసి ఉంది. కామాక్షి లేదు.

"పరేషాన్ గాకు," అన్నారు యెహెజ్కేలు గారు వెనక నుంచి. "వాళ్ళు గేటు తీసుడు చూసి రేడియో పెద్దగ పెట్టిన. ఆ లొల్లిల సారమ్మ నీ పెండ్లాన్ని పెరటి దిక్కు నుంచి రిక్షాల తోలుకపోయింది. మన్సూరాబాద్‌ల సారమ్మ వాళ్ళక్క ఎస్తేరమ్మ ఉన్నది, దవాఖానల నర్సు. కాన్పు అయ్యేదాంక ఆడనే ఉంటది."

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. "మీరూ ఉద్యమంలో ఉన్నవారే కదండీ," అన్నాను.

"ఉన్న. రేపు జులూసుల గూడ పోత. నాకు తెలంగాణ గావాలె. నిండు చూలాలు రోడ్డు మీద పడాల్నని నేనడగలే."

అని సైకిలు తెచ్చి నా చేతికిచ్చి, తను వెనక క్యారియర్ ఎక్కారు. "తొక్కు, ఆమె నీ కోసం చూస్తుంటది. దార్ల ఎవడన్న ఆపితే నేను మాట్లాడత. నువ్వు ఏమండీ గీమండీ అన్నవో, ఇద్దరికి పడ్తయి."

మన్సూరాబాద్ దాకా నేను ఊపిరి పీల్చుకోవడానికే నోరు తెరిచాను.