చట్టంలో లేని మేనత్త

టైలరమ్మకి చెల్లెలంటే ప్రేమే. కానీ తమ్ముడి కూతురు బుజ్జి ఆ చెల్లెలి ఇంట్లో పెరగడం మాత్రం కంట్లో నలుసులా ఉండేది. తమ్ముడూ మరదలూ జ్వరంతో పోయిననాడు పిల్ల చెల్లెలి చంక ఎక్కింది, మళ్లీ దిగలేదు. పిల్లాజెల్లా లేని టైలరమ్మ, పెద్దమేనత్తని నేనుండగా, అని మిషను తొక్కుతూ ఉడికిపోయేది. తాను గౌను కుట్టి తీసుకెళ్లినా, బుజ్జి చిన్నత్త కొన్న రిబ్బన్లే అందరికీ చూపించేది.

ఇళ్లు కిక్కిరిసిపోతున్నాయని ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చింది. ఒక ఇంట్లో మొగుడూ పెళ్లాం, వాళ్లకి పుట్టిన పిల్లలు తప్ప ఇంకెవరూ ఉండకూడదు. చెల్లెలికి నోటీసు వచ్చింది. సంజాయిషీ విన్నారు. విని, పిల్లని హాస్టల్లో చేర్చమన్నారు.

ఆ కబురు వినగానే టైలరమ్మకి కడుపు చల్లబడింది. సిగ్గేసింది, అయినా చల్లబడింది. మర్నాడే ఇన్‌స్పెక్టరు దగ్గరికి వెళ్లింది.

"నేను ఒంటిదాన్ని. ఇల్లు ఖాళీగానే ఉంది. పిల్లని నాకు ఇప్పించండి."

"మీరేమవుతారు?"

"మేనత్తని."

"చట్టంలో మేనత్త లేదమ్మా," అన్నాడాయన శాంతంగానే.

ఎవరు దగ్గరి మేనత్తో తేలక ఇన్నాళ్లూ తాను కుమిలిపోతుంటే, వీళ్లు ఇద్దర్నీ కలిపి చట్టంలోంచే కొట్టేశారు. తిన్నగా చెల్లెలింటికి వెళ్లి, "లాయర్ని చూడు, నేనూ వస్తా," అంది.

కోర్టులో ప్రభుత్వ లాయరు, నోటీసు ఇచ్చామనీ, ఆమె మాట విన్నామనీ, పద్ధతిలో వెంట్రుకవాసి తప్పు లేదనీ చెప్పాడు.

"పద్ధతి సరేనండి," అన్నారు జడ్జిగారు. "ఎంత పద్ధతిగా వచ్చినా, అయినవాళ్లు కలిసి ఉండకూడదనే అధికారం మీకెక్కడిది? ఇరుకే బాధైతే గదికి ఇంతమందని పెట్టండి. మేనత్తని తీసెయ్యడమేమిటి?"

తర్వాత టైలరమ్మని అడిగారు, పిల్ల ఎవరి దగ్గర ఉంటే మంచిదని. 'నా దగ్గర' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. బెంచీ మీద బుజ్జి చెల్లెలి వేళ్లతో ఆడుకుంటోంది.

"దాని దగ్గరేనండి," అంది చెల్లెల్ని చూపించి.

ఆ చట్టం చెల్లదని తీర్పొచ్చింది. బుజ్జి పరుగెత్తుకెళ్లి చిన్నత్తని వాటేసుకుంది. టైలరమ్మ పిల్ల చెప్పులు పట్టుకుని పక్కన నిలబడింది.

"అక్కా, నువ్వూ మా ఇంటికి వచ్చెయ్. ఇక అడిగేవాళ్లు లేరు," అంది చెల్లెలు.

'మా' అన్న ముక్క దగ్గర టైలరమ్మకి మళ్లీ ఒళ్లు మండింది. అయినా వానలు మొదలయ్యేలోగా మిషను బండెక్కించి చెల్లెలింటికి వెళ్లిపోయింది. ఇప్పటికీ పొద్దున్నే జడ వేయించుకోడానికి బుజ్జి చిన్నత్త దగ్గరికే వెళుతుంది. టైలరమ్మ తలెత్తకుండా మిషను తొక్కుతుంది.