మట్టికప్పు మీద దోందు

మా ఊరి పెద్ద మసీదుకు గుమ్మటం లేదు. సెల్జుక్ సుల్తానుల నాటి ఆ కట్టడమంతా దేవదారు స్తంభాల మీద నిలబడి ఉంది, పైన మట్టికప్పు. కప్పు నడిమధ్య ఒక కంత, దాని కింద నేలలో గొయ్యి. చలికాలమంతా కప్పు మీది మంచును ఆ కంతలోంచి గొయ్యిలోకి తోస్తారు. ఆ చెమ్మ వల్లే దేవదారు ఎండి పగలకుండా ఇన్ని వందల ఏళ్లు నిలిచిందంటారు.

మంచు తోసే పని ఎల్వాన్‌ది. అతని నడుం పడిపోయాక భార్య దోందు పార అందుకుంది. ఆడమనిషి మసీదు కప్పెక్కడమేమిటని కొందరు గొణిగారు. ఆ ఏడు మంచు ఆగకుండా కురిసేసరికి గొణుగుడు ఆగింది.

ఆ శుక్రవారం దక్షిణం వైపు ఎండకు మంచు మెత్తబడిందని దోందు ముందు అటంతా తోసేసింది. ఇంటికొచ్చి రొట్టె తుంచుతూ భర్తతో ఆ మాటే అంది.

ఎల్వాన్ టీ గ్లాసు కింద పెట్టాడు. "ఒక పక్కే తోశావా? రెండు పక్కలా సమంగా తియ్యాలే పిచ్చిదానా! బరువంతా ఉత్తరం దూలం మీదే ఉంటుంది. నమాజు వేళయింది కూడా!"

దోందు పరుగెత్తింది. జనం అప్పటికే లోపలికి వస్తున్నారు. ఉత్తరాన, వెనక వరుస స్తంభాల పైన అక్రోటు పగిలినట్టు టక్‌మంది.

"ఇమాం గారూ, ఉత్తరం పక్క ఎవర్నీ కూర్చోనివ్వకండి!"

గడప దగ్గర బూట్లు విప్పుతున్న పిండిమర హమ్ది నవ్వాడు. "చలికి చెక్క మూలుగుతుందిలే వదినా. మా ఆవిడ ఇంతకంటే ఎక్కువే మూలుగుతుంది."

"ఆవిడ మూలిగినా నీ నెత్తిన పడదు. ఇది పడుతుంది."

మళ్లీ టక్‌మంది. రంగుపెచ్చు ఒకటి రాలి తివాచీ మీద పడింది. ఇమాం నజ్మీ జనం వైపు తిరిగాడు.

"లేవండి, అందరూ ముందు గోడకున్న మిహ్రాబు గూడు వైపు జరగండి. ఇరుక్కోండి, పర్లేదు."

దోందు నిచ్చెనెక్కింది. తన బరువూ ఆ దూలం మీదే పడుతుంది. గోడ అంచునే పాకుతూ కొద్దికొద్దిగా మంచు చెక్కి వీధిలోకి విసిరింది. కింద జనం సాష్టాంగపడిన నిశ్శబ్దంలో ప్రతి చప్పుడూ దూలానిదే అనిపించింది. చేతులు మొద్దుబారాయి.

నమాజు ముగిశాక హమ్ది ఇంకో పారతో పైకొచ్చాడు. ఈసారి నవ్వలేదు. "ఎక్కణ్ణుంచి తియ్యమంటావు వదినా?"

"అంచు నుంచి. అడుగు మెల్లగా వెయ్యి."

మర్నాడు వడ్రంగి చూస్తే దూలానికి నెర్రె కనిపించింది. కింద ఊతంగా కర్రపోటు పెట్టి, గట్టిగానే ఉందన్నాడు. దోందు మాత్రం చలికాలంలో ఏ శుక్రవారమైనా, ఆఖరి మనిషి బయటికి వచ్చేదాకా మసీదు గుమ్మం దగ్గర నుంచి కదలదు.