టాపు కుట్టించడానికి పోయిన కారు

ఎండకు కాగిన కాన్వాసు గుడ్డ వాసన మీలో ఎవరికైనా గుర్తుందా? నిన్న స్కూటీ సీటు కవరు కోసం కామారెడ్డిలో ఒక దుకాణానికి వెళితే ఆ వాసన గుప్పుమంది. పాతకాలపు టూరింగ్ కారొకటి నిలబెట్టి, దానికి కొత్త మడత టాపు బిగిస్తున్నారు. పీకేసిన పాత టాపు నేల మీద పడి ఉంది. దాని మధ్యలో ఆకుపచ్చ అతుకు, చుట్టూ బొంత కుట్టు.

ఆ ఆకుపచ్చ ముక్క నా బడి సంచిది. ఎల్లారెడ్డిలో మా వాకిట్లో స్టూలెక్కి, చిరిగిన మా కారు టాపుకు బొంత కుట్టినట్టే కుట్టింది మా అవ్వ. వానొస్తే ఆ అతుకు కింద కూర్చోనని అన్నా నేనూ కొట్టుకునేవాళ్లం.

ఒకరోజు బాపు, "కొత్త టాపు కుట్టిచ్చుకొస్త" అని కారు తీసుకుని కామారెడ్డి పోయాడు. బస్సులో తిరిగొచ్చాడు. ఎప్పుడడిగినా, "ఇంకా కుడుతున్నరు బిడ్డా" అనేవాడు. బడి నుంచి రాగానే అన్నా నేనూ గడప మీద కూర్చుని ఎదురుచూసేవాళ్లం.

దుకాణం నుంచే అన్నకు ఫోన్ చేశాను. "అన్నా, మన కారు కనపడ్డది!"

"బాపు అమ్మిన కారా?"

"అమ్మిండని నీకెట్ల ఎరుక?"

"ఆ దినమే చెప్పిండు. చెల్లెకు చెప్పకురా, ఏడుస్తది అన్నడు," అంటూ నవ్వాడు.

బాపునైతే క్షమిస్తానేమో. కానీ గడప మీద నా పక్కనే కూర్చుని, "అగో హారన్, మన కారే! ఉరుకు!" అని రోజూ నన్ను రోడ్డు దాకా ఉరికించింది అన్నే.