పల్లపు వీధి మౌనం

యంత్రానికి బంధుప్రీతి ఉండదని అందరూ అంటారు. మొబైల్ కంపెనీలో ఏ యాంటెన్నా ఎక్కడ పెట్టాలో తేల్చే ఉద్యోగిని కూడా అలాగే నమ్మింది. ఆఫీసులో ఆమెను టవరమ్మ అంటారు. ఆ పేరు మీద ఆమెకు కోపమూ లేదు, మోజూ లేదు.

వాడకం లెక్కలు, మధ్యలో తెగిన కాల్స్, జనం ఫిర్యాదులు అన్నీ మింగి, కృత్రిమ మేధ ఊరి పటం మీద చోట్లు చూపేది. ఆమె ఏళ్ల తరబడి కాళ్లరిగేలా తిరిగి చేసిన పనిని అది టీ చల్లారేలోపు ముగించేది, చాలావరకు బాగానే. ఈ ఏడాదికి మిగిలింది ఒక్క యాంటెన్నా. దాన్ని యంత్రం సరిగ్గా ఆమె ఇంటి ఎదుటి దీపస్తంభానికి తగిలించింది.

పై అధికారి నవ్వి, అదృష్టం వెతుక్కుంటూ వచ్చింది, సంతకం పెట్టేయమన్నాడు. ఆమె మనసు ఒప్పలేదు. తన వీధి నుంచి అన్నేసి ఫిర్యాదులు ఎవరివా అని ఒక కాల్ రికార్డింగు విన్నది. గొంతు మామగారిది; మిగతావీ ఆయనవే. సిగ్నల్ లేదని మొదలై, మోకాళ్ల నొప్పి మీదుగా, కోడలు పెట్టే కాఫీ రుచి దాకా తీరిగ్గా సాగిన ఫిర్యాదు అది.

సాయంత్రం ఆయన దగ్గర కూర్చుంది.

"సిగ్నల్ లేకపోతే అంతసేపు ఎలా మాట్లాడారు మామయ్యగారూ?"

ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు. "మీ కంపెనీలో ఫోనెత్తే ఆ పిల్ల మర్యాదగా వింటుందమ్మా. ఇంట్లో ఎవరికి తీరిక?"

యాంటెన్నా వస్తోందని అప్పటికే వీధంతా చాటేశాడట. రాకపోతే తల కొట్టేసినట్టవుతుందని వాపోయాడు.

మర్నాడు ఆమె పటం మళ్లీ చూసింది. పల్లపు వీధి నుంచి ఒక్క ఫిర్యాదూ లేదు. వెళ్లి చూస్తే, అక్కడి దర్జీ ఫోన్ చేసుకోవడానికి కత్తెర చేతబట్టుకునే డాబా మెట్లెక్కుతోంది. కంపెనీకి చెప్పలేదేమని టవరమ్మ అడిగింది.

"ఫోను కలిస్తేగదమ్మా, కలవడం లేదని చెప్పేది!"

ఆ మౌనాన్ని యంత్రం తృప్తి కింద జమకట్టింది. దానికి చుట్టాలు లేని మాట నిజమే. కాకపోతే వినిపించిన గొంతే దానికి చుట్టమైంది.

ఆమె మామగారి ఫిర్యాదులను లెక్కలోంచి తీసేసింది. కాల్ అసలే కలవని చోట్లను కూడా చూడమని చెప్పి, యంత్రం చేతనే ప్లాను మళ్లీ వేయించింది. అది చూపిన పల్లపు వీధికి యాంటెన్నా రాసి సంతకం చేసింది. ఆ కబురు మామగారికి ఇంటికెళ్లి తనే చెప్పింది.