వాసన లేని కత్తి

సిగరెట్లు మానేసిన ఏడాది నాకు పాత మంగలికత్తుల పిచ్చి పట్టుకుంది. రోజూ ప్యాకెట్‌కి పోయే డబ్బు మిగులుతోంది గదా, దాంతో ఏదైనా కొనుక్కోండి అంది మా ఆవిడ. ఆమె మనసులో ఉన్నది ఒక వాలుకుర్చీ. నేను ఫోన్లో ఎవరిదో వీడియో చూసి, పిడిలోకి మడతపెట్టే పాత కత్తుల వెంట పడ్డాను. జర్మనీ ఉక్కువి, ఇంగ్లండు ఉక్కువి, కొమ్ముతో చేసిన పిడులు. డబ్బున్నవాళ్లు వాటిని అద్దాల బీరువాల్లో పెట్టుకుంటారు. నా దగ్గరున్నది సిగరెట్ల డబ్బు. ముసునూరు దగ్గర నాలుగెకరాల మామిడితోట మీద బతికేవాణ్ణి, అంతకు మించి పెడతానని ఇంట్లో అనలేను.

తక్కువలో కొనడం అంటే మురికి కొనడమేనని మొదటి పార్సిల్ విప్పగానే అర్థమైంది. ఫోన్ గ్రూపులో ఎవరో ఐదు కత్తులు కలిపి అమ్మారు. వసారాలో కూర్చుని విప్పాను. తుప్పు ఉంటుందని తెలుసు. తెలియనిది మిగతాది. పాత సబ్బు పచ్చగా గట్టిపడి పిడిలో ఇరుక్కుని ఉంది. మడత దగ్గర వెంట్రుకలు ఉండకట్టి ఉన్నాయి, కొన్ని నల్లవి, కొన్ని తెల్లవి. ఒకదాని అంచుకి సబ్బు కానిదేదో పొరలా ఎండి అంటుకుని ఉంది. గోటితో గీకాను. అది ఎవరి చర్మమో అన్న ఆలోచన వచ్చింది. ఆ పూట అన్నం తినలేకపోయాను.

మా ఆవిడ వాటిని గుమ్మం దాటనివ్వలేదు. ఎవరెవరి చెమటో, ఎవరెవరి రోగమో అంది. దాంతో తోటలోని మోటారు షెడ్డు నా కార్ఖానా అయింది. కిరసనాయిలు, పాత టూత్‌బ్రష్, పీచు పెట్టుకుని పగలంతా తోమేవాణ్ణి. కాయ దిగే రోజుల్లో షెడ్డు చుట్టూ రాలిన మామిడికాయలు కుళ్లి, ఈగలు ముసిరి, తీపీ పులుపూ కలిసిన ఒక వాసన వేస్తుంది. దానికి కిరసనాయిలు తోడైతే ఇంటికొచ్చి రెండుసార్లు స్నానం చేసినా ముక్కులోంచి పోయేది కాదు. అయినా తుప్పు వదిలి ఉక్కు బయటపడి, దాని మీద ఏ ఊళ్లో చేశారో చెక్కిన అక్షరాలు కనిపించినప్పుడు ఒళ్లు జలదరించేది. ఆ ఒక్క క్షణం కోసం మిగతాదంతా ఓర్చుకున్నాను.

బేరం ఎలా ఆడాలో నాకు నేర్పింది హనుమాన్ జంక్షన్ దగ్గర పాత సామాన్లు కొని అమ్మే ఒకాయన. నేను మంచి వస్తువు కనపడగానే మొహం వెలిగించేస్తానట, అమ్మేవాడు చూసి రేటు పెంచేస్తాడట.

"ముందు మొహం చిట్లించడం నేర్చుకోండి సార్," అన్నాడు. "చెత్తను ముట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకోండి. మీకు నచ్చినకొద్దీ మొహం ఇంకా పాడుచేసుకోవాలి."

ఇది నాకు కొత్తేమీ కాదు. ప్రతి ఏడూ షావుకారు మా తోటకొచ్చి చేసే పనే. చెట్టు కింద నిలబడి కొమ్మ వంచుతాడు, కాయ తిప్పి చూస్తాడు, నాలుక చప్పరిస్తాడు. మచ్చలున్నాయంటాడు, ఈగ కుట్టిందంటాడు, ఇది రసం కాదు పీచంటాడు. ఏడాది పొడుగునా నేను మందులు కొట్టి, నీళ్లు పెట్టి, కోతుల్ని తోలి కాపాడుకున్న కాయని వాడు అట్లా పట్టుకుంటే చూడలేక మొహం పక్కకి తిప్పుకునేవాణ్ణి. అదంతా నటనని తెలుసు. తెలిసినా తిప్పుకునేవాణ్ణి. అలాంటిది నేనే ఆ విద్య నేర్చుకున్నాను, బాగా వచ్చింది కూడా. నాలుగు నెలల్లో తొమ్మిది కత్తులు చవకలో సంపాదించాను.

నేను క్షవరం చేయించుకునే సెలూన్ నూజివీడులో ఉంది. అది నడిపే ఆయనకి నలభై ఏళ్లుంటాయి. బాపులపాడు వైపు ఒక పల్లె నుంచి రోజూ బండి మీద వచ్చి షాపు తీస్తాడు. ఒకరోజు మాటల్లో నా పిచ్చి సంగతి చెబితే, మా నాన్న దగ్గర తాతల నాటి కత్తులున్నాయండీ, ఇప్పుడు ఎవరికీ వాడం గదా, వచ్చి చూడండి అన్నాడు. ఆదివారం సాయంత్రం రమ్మన్నాడు, తనూ ఇంట్లో ఉంటానని.

నేను మంగళవారం పొద్దున వెళ్లాను. మంగళవారం మా వైపు క్షవరాలుండవు గనక ఆయన షాపు తీయడు, ఇంట్లోనే ఉంటాడని ఎవరైనా అనుకుంటారు. కానీ ఆ మంగళవారం ఆయన సామాన్ల కోసం విజయవాడ వెళ్తున్నాడని నాకు తెలుసు. ఆయనే చెప్పాడు. ఆయన చేతిలో ఫోన్ ఉంది, రేట్లు చూడటం వచ్చు. ముసలాయనకి రాదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత పుడుతోంది. ఆ రోజు మాత్రం తెలివైన పని చేస్తున్నాననుకున్నాను.

ముసలాయన వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. డెబ్బై అయిదు దాటి ఉంటాయి. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. ఆయన కోడలు నాకు కుర్చీ వేసి, మంచినీళ్లు తెచ్చి పెట్టింది. దాహంగానే ఉన్నా ఎందుకో తాగలేదు. కొడుకు చెప్పాడని చెప్పగానే ఆయన లోపలికెళ్లి తోలుపొది తెచ్చాడు. పొది అంటే ఆయన సామానంతా మడిచి పెట్టుకునే సంచి. నేల మీద కూర్చుని విప్పాడు. ఎనిమిది కత్తులు, ఒక్కోదానికి ఒక్కో గుడ్డ చుట్టి, కొబ్బరినూనె రాసి ఉన్నాయి. ఒక్కదాని మీద తుప్పు చుక్క లేదు. ఏడాదిగా నేను ఊళ్లవాళ్ల మురికి గీకుతున్నాను, అంత శుభ్రమైన సామాను ఎక్కడా చూడలేదు.

వాటిలో ఒకటి కొమ్ము పిడిది. విప్పితే జర్మనీ ఊరి పేరు, పక్కన చిన్న ముద్ర, నిన్న చెక్కినంత స్పష్టంగా ఉన్నాయి. అది వాళ్ల తాతకి ఒక జమీందారు ఇంటివాళ్లు ఇచ్చిందని ఆయన చెబుతున్నాడు. నాకు గుండె కొట్టుకుంటోంది. అంత నచ్చింది గనక, నేర్చుకున్న ప్రకారం, మొహాన్ని అంతగా పాడుచేసుకున్నాను. రెండు వేళ్లతో పట్టుకున్నాను. ముక్కు దగ్గరికి తెచ్చి, తల వెనక్కి తీసుకున్నాను.

"ఏంటయ్యా ఈ వాసన?" అన్నాను. జేబురుమాలు తీసి వేళ్లు తుడుచుకున్నాను.

ఆయన చెబుతున్నది ఆపేశాడు. నా చేతిలోంచి కత్తి తీసుకుని, పెరట్లో కుళాయి దగ్గరికెళ్లాడు. సబ్బు పెట్టి కడిగాడు. మళ్లీ సబ్బు పెట్టి కడిగాడు. భుజం మీద తువ్వాలుతో తుడవబోయి ఆగి, ఆ తువ్వాలు వంక చూసుకున్నాడు. కోడల్ని పిలిచి ఉతికిన గుడ్డ తెమ్మన్నాడు. ఆ గుడ్డతోనే పట్టుకుని తుడిచి, నా చేతికి ఇవ్వకుండా అరుగు మీద పెట్టి రెండడుగులు వెనక్కి వేశాడు.

"తీసుకోండి బాబుగారూ. కడిగాక నేను ముట్టుకోలేదు."

అప్పుడు తెలిసింది నాకు. నేను కత్తికి పెట్టిన వంకని ఆయన తన ఒంటికి తీసుకున్నాడు. ఇంకెలా తీసుకుంటాడు? నా చిన్నప్పుడు మా ఇంట్లో మగవాళ్లకి క్షవరం పశువుల కొట్టం దగ్గర జరిగేది. చేసినాయన వెళ్లాక మా నాయనమ్మ ఆ చోట నీళ్లు చల్లేది. మమ్మల్ని పెరట్లోనే బట్టలు విప్పించి తల మీంచి నీళ్లు పోసేది. మెడ మీద వెంట్రుకలు పోవడానికని అనుకునేవాణ్ణి. వెంట్రుకల కోసం కాదని పెద్దయ్యాక తెలిసింది. తెలిశాక కూడా దాని గురించి ఒక్కసారి కూర్చుని ఆలోచించలేదు. నాకంటే పాతికేళ్లు పెద్దాయన్ని ఏంటయ్యా అన్నాను. వాళ్లింట్లో ఇచ్చిన నీళ్లు ముట్టుకోలేదు. ఆ మొహం నేను జంక్షన్‌లో నేర్చుకున్నాననుకున్నాను గానీ, ఆయన దాన్ని పుట్టినప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాడు.

వాసన లేదండీ, ఊరికే అన్నాను అని అప్పుడే చెప్పి ఉండాల్సింది. నోటిదాకా వచ్చింది. చెబితే రేటు పెరుగుతుందన్న ఆలోచన కూడా దానితోపాటే వచ్చింది. రెండొందలన్నాను. మీ ఇష్టం అన్నాడు. డబ్బు అరుగు మీద పెట్టాను. చేతికియ్యొచ్చని అప్పుడు తోచలేదు.

దారిలో బండి ఆపి, కత్తి తీసి వాసన చూశాను. సబ్బు వాసన, కింద కొంచెం కొబ్బరినూనె. అంతే. నోరంతా చేదుగా అనిపించి, రోడ్డు పక్కన ఉమ్మేశాను.

ఇంటికొచ్చాక మా ఆవిడకి చూపించాను. మొదటిసారి ఆమె చేత్తో పట్టుకుని చూసింది. ఇంత బావుంది, ఇంత తక్కువకి ఎలా ఇచ్చాడని అడిగింది. చెప్పాను. ఇంకెవరికీ చెప్పలేనివి ఆమెకి చెప్పడం నాకు అలవాటు, మంగళవారం సంగతితో సహా చెప్పాను.

"ఆయన వయసెంత?" అంది.

డెబ్బై అయిదు ఉంటాయన్నాను. కత్తి బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది.

తర్వాత వారం రోజులు షెడ్డుకి వెళ్లలేదు. షావుకారు తోటకొచ్చి ఎప్పట్లాగే నాలుక చప్పరిస్తుంటే, వాడి మొహంలో నా మొహం కనపడి అక్కణ్ణించి పక్కకెళ్లిపోయాను. పన్నెండు రోజులకి ఆ కత్తికి ఫోన్లో పలికే రేటు ఎంతో చూసి, అంత డబ్బు తీసుకుని, చెట్టు మీద పండిన చిన్నరసాలు ఒక పెట్టె కట్టించుకుని మళ్లీ ఆ పల్లెకి వెళ్లాను. ఈసారి ఆదివారం. కొడుకు ఇంట్లోనే ఉన్నాడు. నన్ను చూసి పలకరించాడు గానీ మొహంలో ఎప్పటి నవ్వు లేదు. వాళ్లిద్దరి ముందూ నిలబడి, మిగతా ఏడు కత్తులు కూడా సరైన రేటుకి కొంటానన్నాను. అదే మంచి మొదలని తోచింది. మళ్లీ బేరంతోనే మొదలుపెట్టానన్నమాట.

కొడుకు తండ్రి వంక చూశాడు. "అవి లేవండీ. నాన్న కాల్వలో పడేశాడు," అన్నాడు.

ముసలాయన తల దించుకుని, వాసనొస్తున్నాయన్నారు గదండీ, ఇంట్లో పిల్లలు తిరుగుతుంటారు, ఎందుకని పడేశాను అన్నాడు. తాతల నాటి ఏడు కత్తులు. ఒక్క మొహానికి పోయాయి.

"వాసన రాలేదండీ," అన్నాను. నేను ఆయన్ని అండీ అనడం అదే మొదలు. "ఏ వాసనా రాలేదు. రేటు తగ్గించుకోవడానికి అలా అన్నాను."

ఆయనకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. తల ఎత్తి నన్ను చూశాడు. ఆయన నన్ను నేరుగా చూడటం అదే మొదటిసారి.

"అట్టాగా," అన్నాడు. తర్వాత నెమ్మదిగా, "పన్నెండు రోజుల్నుంచీ చేతులు వాసన చూసుకుంటన్నానండీ. అన్నం కలిపేటప్పుడు కూడా," అన్నాడు.

నేను డబ్బు తీసి చేతికిచ్చాను. ఆయన తీసుకున్నాడు. కత్తి వెనక్కి ఇచ్చేస్తానన్నాను. వద్దు, అమ్మేశాను గదా అన్నాడు. మామిడిపళ్ల పెట్టె అరుగు మీద పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"డబ్బు కత్తిది. అది నాకు రావాల్సిందే. పళ్లు మీవి, తీసుకెళ్లండి. మా ఇంట్లో తినేవాళ్లు లేరు."

గుమ్మంలో ఆయన మనవలిద్దరు పెట్టె వంకే చూస్తున్నారు. ఆయన ముక్కుపుటాలు కొంచెం బిగుసుకున్నాయి, పెదవులు ఒక పక్కకి వంగాయి. అది నటన కాదు. నిజంగా రోత పుట్టించే మనిషిని చూస్తే వచ్చే మొహం అదని నాకు తెలిసింది. కొడుకు నన్ను బండి దాకా సాగనంపలేదు.

ఆ పళ్లు ఇంట్లోనూ ఎవరూ తినలేదు. మూడు రోజులకి పెట్టె కింది నుంచి రసం కారి, చీమలు పట్టి, దోమల్లాంటి చిన్న ఈగలు లేస్తుంటే మా ఆవిడ పెరట్లో గొయ్యి తీయించి పూడ్పించింది. నేను క్షవరానికి బస్టాండు దగ్గర ఇంకో షాపుకి వెళ్తున్నాను.

కత్తులు కొనడం మానేశానని చెబితే బాగుండేది. మానలేదు. మొహం చిట్లించడం మానేశాను. దాంతో జంక్షన్ ఆయన నన్ను చూసి నవ్వుతాడు, నాకు దొరికేవీ తగ్గాయి. మొన్న చింతలపూడిలో ఒకావిడ వాళ్ల మామగారి కత్తి అమ్ముతుందంటే వెళ్లాను. ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగాను. అడిగినంతా మారుమాట లేకుండా ఇచ్చి తెచ్చుకున్నాను. షెడ్డులో తుడిచి చూస్తే పిడి దగ్గర ఉక్కు బీటవారి ఉంది. పనికిరాదు. ఆవిడకి తెలిసే అమ్మిందో, తెలియకుండా అమ్మిందో అడగలేదు. తుడిచి, నూనె రాసి, మిగతా వాటి పక్కన పెట్టాను.