బల్ల మీద ఈత

మేం కుర్రాళ్ళుగా ఉన్న రోజుల్లో, అంటే తొంభైల్లో, విజయవాడలో పుట్టి పెరిగినవాడికి ఈత రాదంటే అది బయటికి చెప్పుకునే సంగతి కాదు. ఊరికి ఓ పక్క కృష్ణ, ఊరి మధ్యలోంచి కాలవలు. ఎటు నడిచినా ఏదో ఒక వంతెన ఎక్కి దిగాల్సిందే. నా ఈడువాళ్ళంతా బందరు కాలవలోకి గట్టు మీంచి దూకుతుంటే నేను వాళ్ళ చొక్కాలకి కాపలా కూర్చునేవాణ్ణి. ఎవరైనా అడిగితే జలుబు అనేవాణ్ణి. (ఆ జలుబు నాకు సుమారు పదేళ్ళు ఉంది. ఎవరూ అనుమానించకపోవడం వాళ్ళ మంచితనం.) అసలు సంగతి భయం. నీళ్ళు మోకాళ్ళ దాకా వస్తాయనుకుంటేనే చాలు, నేను గట్టు దిగేవాణ్ణి కాను.

ఇంటర్‌లో ఉండగా ఈ భయానికి మందు మా పేట లైబ్రరీలో దొరికింది. ఈత నేర్చుకోవడం ఎలాగో బొమ్మలతో సహా వివరించిన పుస్తకం అది. ఇంటికి తెచ్చుకుని, మధ్యాహ్నం అమ్మ నిద్రపోయాక, ముక్కాలి స్టూలు మీద బోర్లా పడుకుని, పుస్తకం నేల మీద తెరిచిపెట్టుకుని, బొమ్మల్లో ఉన్నట్టే కాళ్ళూ చేతులూ ఆడించేవాణ్ణి. మూడో రోజు మా అక్క చూసింది. "అమ్మా, తమ్ముడు కొట్టుకుంటున్నాడే!" అని అరిస్తే అమ్మ మూర్ఛ అనుకుని ఇనప్పెట్టె తాళాలు పట్టుకుని పరిగెత్తుకొచ్చి నా గుప్పిట్లో కుక్కింది. అంతటితో ఇంట్లో సాధన ఆగిపోయింది. పుస్తకం మాత్రం ట్రంకుపెట్టె అడుక్కి చేరింది. గడువు దాటింది. ఫైను ఎంతవుతుందో అడగడానికి భయం, అడక్కపోతే ఇంకా పెరుగుతుందని భయం. ఈ రెండు భయాల మధ్య మూడేళ్ళు గడిచాయి. ఆ మూడేళ్ళూ నేను లైబ్రరీ ఉన్న వీధిలోంచి వెళ్ళకుండా రెండు వీధులు చుట్టు తిరిగి కాలేజీకి వెళ్ళాను.

డిగ్రీ రెండో ఏడు పరీక్షలైన వారానికి అక్కే ఓ కబురు తెచ్చింది. "ఒరేయ్, లైబ్రరీలో ఫైన్లు ఎత్తేశారంట. ఎన్నేళ్ళయినా సరే, పుస్తకం తెచ్చిస్తే చాలంట. పైగా సెలవుల్లో పిల్లలకీ ఆడవాళ్ళకీ క్లాసులు కూడా పెడుతున్నారంట." మర్నాడు పొద్దున్నే పుస్తకం సంచిలో పెట్టుకుని బయల్దేరాను.

అక్కడి లైబ్రేరియన్ గారిని మేం సైలెన్స్ సార్ అనేవాళ్ళం. చాలామంది పాఠకులు ఆయన నోట విన్న మాట అదొక్కటే. ఆయన పుస్తకం తిప్పి చూసి, రిజిస్టరు తీసి, కళ్ళజోడు సర్దుకున్నారు.

"మూడేళ్ళా!"

"ఫైను లేదన్నారనండీ..." అన్నాను.

"ఫైను మాటెత్తకు. ఆ ఫైనుకి దడిసి పుస్తకాలూ రావట్లేదు, మనుషులూ రావట్లేదని పైవాళ్ళకి ఉత్తరం రాసిందే నేను." తర్వాత గొంతు తగ్గించి, "మూడేళ్ళూ దీన్ని చదివావా?" అని అడిగారు.

"చదివానండీ."

"మొత్తం?"

"చాలాసార్లండీ."

(ఇందులో ఒక్క అబద్ధం కూడా లేదని పాఠకులు గమనించాలి.) ఆయన మెల్లగా వెనక్కి తిరిగి నల్లబల్ల వైపు చూశారు. దాని మీద వేసవి క్లాసుల పేర్లు రాసి ఉన్నాయి. కథలు, బొమ్మలు, చదరంగం, కుట్టుపని. అన్నిటికంటే కింద, ఈత పరిచయం. ఏటా ఎండాకాలం కాలవల్లో పిల్లలు పోతుంటారని ఆయనే పట్టుబట్టి పెట్టించారట. ఒప్పుకున్న మాస్టారికి గన్నవరంలో ఉద్యోగం దొరికి ముందురోజే వెళ్ళిపోయాడట. "సమయానికి వచ్చావయ్యా," అన్నారు సార్. "వారం రోజులు, పిల్లలకి ముందు మాటలు చెప్పు చాలు. నీళ్ళ సంగతి తర్వాత చూద్దాం."

అప్పుడే చెప్పేయాల్సింది. కానీ మూడేళ్ళ తప్పు ఒక్క మాటలో కొట్టేసిన మనిషికి కాదని ఎలా చెప్పడం? ఇంతలో చదరంగం బల్ల దగ్గర్నుంచి ఓ రెండు జడల పిల్ల, తొమ్మిదేళ్ళుంటాయేమో, లేచి వచ్చి నన్ను కిందనుంచి పైదాకా చూసి, "మీరు ఈత సారా?" అంది. అప్పటిదాకా నన్ను ఎవరూ సార్ అనలేదు. "అవునమ్మా," అన్నాను.

మర్నాటి నుంచి పాఠాలు. చదువుకునే హాల్లో పొడవాటి బల్లలు ఎనిమిది. బల్లకి ఇద్దరు ముగ్గురు చొప్పున పిల్లలు బోర్లా పడుకుని కాళ్ళు కొడుతుంటే, నేను చేతులు వెనక్కి కట్టుకుని మధ్యలో తిరుగుతూ, "మోకాలు వంచకూడదు, ఊపిరి బిగపట్టకూడదు, నీరు మన స్నేహితుడు" అని పుస్తకంలో వాక్యాలు అప్పజెప్పేవాణ్ణి. పేపరు చదువుకోవడానికొచ్చే పెద్దవాళ్ళు మొదటి రోజే వరండాలోకి మకాం మార్చారు. సైలెన్స్ సార్ గుమ్మంలో నిలబడి ఆ మాట అనడానికి నోరు తెరవడం, మళ్ళీ మూసుకోవడం నేను కళ్ళారా చూశాను. అయినా ఆయన ముఖంలో కోపం లేదు. అంతమంది పిల్లల్ని ఆ హాల్లో ఆయన ఎన్నడూ చూసి ఉండరు.

పక్క గదిలో కుట్టుపని నేర్పే ఆవిడ ఉండేవారు. ఆవిణ్ణి అందరూ టైలర్ ఆంటీ అనేవాళ్ళు. భర్తది ఆటోనగర్‌లో లారీ సీట్లు కుట్టే షాపు. ఆవిడ మెడలో టేపు వేసుకునే తిరిగేవారు. రెండో రోజు గుమ్మంలోకొచ్చి కాసేపు చూసి, నవ్వు ఆపుకుంటూ అడిగారు.

"ఏం అబ్బాయ్, మీ వైపు నీళ్ళు ఇంత గట్టిగా ఉంటాయా?"

"ఇది థియరీ ఆంటీ."

"మాది దివిసీమలో లంక. పుస్తకాలు నెత్తిన పెట్టుకుని పాయ ఈదుకుంటూ బడికి పోయినదాన్ని. నువ్వు నీళ్ళలో దిగినవాడిలా లేవే?" అని, నేను తల దించుకునేసరికి గొంతు తగ్గించారు. "సార్‌కి చెప్పెయ్ బాబూ. ఆయనేం అనుకోరు."

"రేపు చెప్తానాంటీ."

మూడో రోజూ అదే మాట అన్నాను. నాలుగో రోజూ అంతే. పిల్లలు గుమ్మంలోకి ఎదురొచ్చి ఈత సార్ వచ్చారని కేకలు పెడుతుంటే, ఆ రేపు ఇంకో రోజు వెనక్కి జరిగేది.

ఐదో రోజు నేను వెళ్ళేసరికి బల్లలన్నీ ఖాళీ. చదరంగం ఆడుకుంటున్న కుర్రాణ్ణి అడిగితే తలెత్తకుండానే చెప్పాడు. "వాళ్ళు కాలవకి పోయారు సార్. అందరికీ ఈత వచ్చేసిందిగా."

ఆ క్షణం నాకెలా ఉందో ఇప్పుడు కూడా హాస్యంగా రాయలేను. ఎండాకాలం కాలవకి నీళ్ళు కట్టేసే రోజులే గానీ, తాగునీటి కోసమని ఆ వారమే నిండుగా వదిలారు. చెప్పులు ఎక్కడ విడిచానో తెలీదు. వెనకాల టైలర్ ఆంటీ, ఆ వెనకాల సైలెన్స్ సార్. కాలవ గట్టెక్కేసరికి, రేవు మెట్ల మీద చెప్పులన్నీ వరసగా పెట్టి, పిల్లలు ఒకరి పక్కన ఒకరు నిలబడి ఉన్నారు. అందరికంటే ముందు, జడలు రెండూ నెత్తిన ముడేసుకుని ఆ పిల్ల. "ఒకటీ... రెండూ..." అంటోంది.

"దూకొద్దు!" అని అరిచాను. "ఆగండి! నాకు ఈత రాదు!"

అవతలి ఒడ్డున బట్టలుతికే వాళ్ళు చేతులు ఆపి చూశారు. వంతెన మీద సైకిళ్ళు ఆగాయి. నాకవేవీ పట్టలేదు. "నాకు ఈత రాదు! నేనెప్పుడూ నీళ్ళలో దిగలేదు! అదంతా పుస్తకంలోది!"

ఆ పిల్ల వెనక్కి తిరిగింది. "మరి మాకు?"

"మీకూ రాదు!"

ఈలోపు టైలర్ ఆంటీ మెట్లు దిగిపోయి, దాని రెక్క పట్టుకుని పైకి లాక్కొచ్చి, మిగతా అందర్నీ పైమెట్టు మీద కూలేశారు. పిల్ల ఏడవలేదు. నా వైపు కోపంగా చూస్తూ, "రాకపోతే ఎందుకు చెప్పారు?" అని అడిగింది. సైలెన్స్ సార్ రొప్పుతూ వచ్చి పిల్లల్ని రెండుసార్లు లెక్కపెట్టుకుని, ఆ మెట్టు మీదే కూర్చుండిపోయారు. నేను తిట్లకి సిద్ధపడి నిలబడ్డాను.

"నాతో ఒక్క మాట అనాల్సింది కదరా," అన్నారు చివరికి. ఆయన నన్ను రా అనడం అదే మొదలు. "ఫైనే వద్దన్నవాణ్ణి, ఈత రాదంటే కొడతానా?"

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. (పిల్లలు తలలు తిప్పుకున్నారు. వాళ్ళకి నాకంటే మర్యాద తెలుసు.)

మర్నాడు సార్ స్వయంగా కార్పొరేషన్ ఈతకొలనుకి వెళ్ళి, అక్కడి కోచ్‌తో మాట్లాడి, పొద్దున ఓ గంట మా పిల్లలకి ఇప్పించారు. ఇల్లిల్లూ తిరిగి తల్లిదండ్రులకి జరిగింది చెప్పి, వాళ్ళ ఒప్పుదల తెచ్చే పని నాకు అప్పజెప్పారు. ప్రతి గుమ్మంలోనూ తిట్లు తిన్నాను, రెండు చోట్ల మజ్జిగ కూడా తాగాను. ఆడపిల్లల్ని టైలర్ ఆంటీ వెంటబెట్టుకుని వచ్చేవారు. పేర్ల జాబితాలో అందరికంటే కింద నా పేరు కూడా రాశారు సార్, నన్ను అడక్కుండానే. పంతొమ్మిదేళ్ళవాణ్ణి, తొమ్మిదేళ్ళవాళ్ళ మధ్య నడుంలోతు నీళ్ళలో, గట్టు కమ్మీ పట్టుకుని కాళ్ళు కొట్టాను. పది రోజుల్లో ఆ పిల్ల చేపలా తిరుగుతోంది. నా పక్కకొచ్చి, "భయపడకండి సార్, మోకాలు వంచకండి," అని ఓపిగ్గా చెప్పేది. ఈత రాదని తేలిపోయాక కూడా సార్ అనడం మానలేదు. నెలాఖరున కొలను అడ్డంగా ఒక్కసారి దాటాను. దాన్ని ఈదడం అనవచ్చో లేదో కోచ్ ఏమీ చెప్పలేదు గానీ పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు బెంజ్ సర్కిల్ దగ్గర ఓ ఆఫీసులో నేనూ కాస్త పెద్ద కుర్చీలోనే కూర్చుంటున్నాను. మీటింగుల్లో నాకు తెలియని సంగతి ఎవరైనా అడిగితే, గొంతు సవరించుకుని, పరిశీలిద్దామండీ అంటాను. అందరూ గంభీరంగా తలలూపుతారు. అలాంటప్పుడు ఒక్కోసారి, చెప్పుల్లేని కాళ్ళతో కాలవ గట్టు మీద నిలబడి, ఊరంతా వినేట్టు నాకు రాదని అరిచిన ఆ కుర్రాడు గుర్తొస్తాడు. వాణ్ణి చూసి నవ్వుకుంటాను. వాడు నన్ను చూస్తే ఏమంటాడో మాత్రం తెలీదు.