కాకి ముట్టని ముద్ద

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆవిడ రోజుకోసారి దెప్పుతుంది. నిజమే, కాదనను. ముప్ఫై ఏళ్ళు రేవులో పడవ నడిపినవాడికి నోరు కాక ఇంకేం మిగులుతుంది! అలాంటి నేను ఒక్క సంగతి మాత్రం ఇన్నేళ్ళు కడుపులో దాచుకున్నాను. రత్నమాణిక్యంగారు కూడా కిందటేడు పోయింది కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను. వినేవాళ్ళు నమ్మితే నమ్మండి, లేకపోతే మీ ఇష్టం.

నరసాపురానికి దిగువన, వశిష్ఠ గోదావరి ఒడ్డున మా ఊరు. మా వైపు ఆడవాళ్ళ చేతిలో ఎప్పుడూ లేసు సూది ఉంటుంది. కొందరు పువ్వులు అల్లుతారు, కొందరు ఆ పువ్వుల్ని ఒకదానికొకటి అతికి బల్లగుడ్డలుగా చేస్తారు. పువ్వులు ఎవరైనా అల్లగలరు. అతుకు పని అందరికీ రాదు. ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళు ఏ లంకలోనో కూర్చుని అల్లినవన్నీ ఏజెంటు మూటగట్టి తెచ్చి పడేస్తే, ఒకే చెయ్యి అల్లినట్టు కలపాలి. రత్నమాణిక్యంగారు ఆ పనిలో చెయ్యి తిరిగిన మనిషి. మాట మాత్రం పెళుసు. నాకంటే పదేళ్ళు పెద్దది. నన్ను తమ్ముడూ అనేది, నేను అక్కగారూ అనేవాణ్ణి.

ఆవిడకి ఒక చెల్లెలు. అసలు పేరు దుర్గాభవాని, అందరికీ బేబి. తల్లి చిన్నప్పుడే పోతే అక్కే పెంచింది. బేబిది ఎడమచేతి వాటం. ఎడమచేత్తో అల్లిన పువ్వుకి రేకులు ఎదురు తిరుగుతాయి, వాటిని మిగతా పువ్వుల పక్కన కూర్చోబెట్టడం పెద్ద తలనొప్పి. "నీ పువ్వులు అతికే ఖర్మ నాకెందుకే" అని అక్క రోజూ తిట్టేది. ఇంకో అలవాటు కూడా ఉంది ఆ పిల్లకి. ఏజెంటు దారం తూచి ఇస్తాడు కాబట్టి, పువ్వు అయిపోగానే ఎవరైనా దారం మొదలంటా తెంపేస్తారు. బేబి మాత్రం జానెడు తోక వదిలేది. అతికేవాళ్ళు కొత్త దారం ముడెయ్యక్కర్లేకుండా ఆ తోకతోనే మొదలెట్టుకోవచ్చు. ఇలా చేస్తే నీకే నష్టం కదే పిచ్చిదానా అంటే, "మా అక్క కళ్ళు కాస్త సుఖపడతాయండీ" అనేది.

బేబిని కాకినాడకి దిగువన సముద్రం ఒడ్డు ఊరికిచ్చారు. తొంభై ఆరులో దీపావళి ముందు వచ్చిన తుఫాను ఆ ఊరి మీదే పడింది. మొగుడి శవం దొరికింది. బేబి దొరకలేదు. నెలన్నర వెతికారు. ఆ తర్వాత పెద్దవాళ్ళు, గతి లేకుండా వదిలేస్తే ఆత్మ తిరుగుతుందని చెప్పి, దర్భలతో బొమ్మ చేసి దహనం చేయించారు. దినం భోజనాలు పెట్టారు. నేనూ వెళ్ళాను, గారెలు రెండోసారి కూడా వేయించుకున్నాను.

అప్పుడు రత్నమాణిక్యంగారి కూతురు వెంకటదుర్గ ఏడో నెల కడుపుతో ఉంది. అంతకుముందు రెండు కాన్పులు నిలవలేదు. ఈసారి మగపిల్లాడు పుట్టాడు, నిలిచాడు. పాకే వయసులోనే ఏది ఇచ్చినా ఎడమచెయ్యి చాపేవాడు. ఇంకేముంది, బేబే మళ్ళీ పుట్టిందని ఇల్లంతా ఏడ్చి, నవ్వి, దుర్గాసాయి అని పేరు పెట్టుకున్నారు.

అంతా బాగానే ఉంది గానీ, కాకి మాత్రం ఒప్పుకోలేదు. ఏటా బేబి తద్దినం నాడు రత్నమాణిక్యంగారి అల్లుడు ఆకులో ముద్ద పెట్టి గోడ మీద ఉంచేవాడు. కాకులు వచ్చేవి, అటూ ఇటూ చూసేవి, ఎగిరిపోయేవి. పోయినవాళ్ళకి తీరని కోరికేదో ఉంటేనే కాకి ముట్టదంటారు మా వైపు. చీర పెడతామన్నారు, పిల్లాణ్ణి చూపించారు, దండాలు పెట్టారు. ఊహూ. చివరికి ఆ ముద్ద గోదాట్లో కలిపేవారు.

ఇది చాలదన్నట్టు రెండో ఏడు నుంచి ఏజెంటు తెచ్చే మూటల్లో కొన్ని పువ్వులు రావడం మొదలెట్టాయి. రేకులు ఎదురు తిరిగినవి. జానెడు తోక ఉన్నవి. రత్నమాణిక్యంగారు మొదటిసారి చూసినప్పుడు మూట వదిలేసి వీధిలోకి పరిగెత్తుకొచ్చింది. ఎవరు నమ్ముతారు? లోకంలో ఎడమచేతి వాటం మీ చెల్లికొక్కదానికేనా అన్నాడు అల్లుడు. తాయెత్తు కట్టించారు. ఇవి ఏ లంక నుంచి వచ్చాయని అడిగితే ఏజెంటు నోరు విప్పడు. చెబితే ఇంకో ఏజెంటు ఆ లంకకి పడవేసుకుని పోతాడని భయం. వాడి గోల వాడిది. ఆవిడ మరి ఎవరితోనూ అనలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరుకుంది. ఆ పువ్వులు వచ్చిన రాత్రుళ్ళు మాత్రం ఆవిడ ఇంట్లో దీపం ఆరేది కాదు.

రెండువేల ఒకటి మాఘమాసంలో హైదరాబాదు నుంచి సుమంత్ అని ఒక కుర్రాడు, భార్య హారతితో దిగాడు. లేసు లంకలు చూడాలట. పడవ మొత్తం వాళ్ళకే కావాలట. లంకల్లో చూడ్డానికేముంది బాబూ, బురదా దోమలూ తప్ప అన్నాను. ఆ అమ్మాయి వినలేదు. అయితే లేసు సంగతి చెప్పేవాళ్ళు ఒకళ్ళుండాలి కదా అని రత్నమాణిక్యంగారిని అడిగాను. ఎప్పుడూ గడప దాటని మనిషి, అడగడమే తడవు చెప్పులు వేసుకుంది.

"ఎన్ని లంకలు తిప్పుతావు తమ్ముడూ?" అని అడిగింది పడవెక్కుతూ.

"మూడండీ. పోటు ఉండగానే తిరిగొచ్చెయ్యాలి, ఆటు మొదలైతే పాయలో ఇరుక్కుపోతాం."

"మూడు చాల్తాయిలే" అంది. దేనికి చాల్తాయో అప్పుడు నాకు తెలియలేదు.

మొదటి లంకలో హారతి చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఫొటోలు తీసుకుంది. రత్నమాణిక్యంగారు లేసు గురించి ఒక్క ముక్క చెబితే ఒట్టు. ప్రతి ఇంట్లో చేటలోని పువ్వులు తీసి, తిప్పి, దారం కొస చూసి పెట్టేస్తోంది. రెండో లంకలోనూ అంతే. అప్పటికి నాకు విషయం అర్థమైంది. పిచ్చి ముదిరింది, వెనక్కి తీసుకుపోదామా అనుకున్నాను.

మూడోది జువ్వలలంక. తుఫానుకి చచ్చిన సరుగుడు చెట్లు అప్పటికీ ఒడ్డున మోళ్ళై నిలబడే ఉన్నాయి. మడ చెట్ల మధ్య పాయలోంచి పోతుంటే ఇంజను చప్పుడు తప్ప పిట్ట కూత కూడా లేదు. ఆ చివర మహాలక్ష్మమ్మ అని ఒక ముసలావిడ ఇల్లుంది. అరుగు మీద చేటలో పువ్వులు. రత్నమాణిక్యంగారు ఒకటి తీసింది. జానెడు తోక. ఇంకోటి తీసింది. జానెడు తోక.

"ఇవెవరల్లారండీ?"

"నేనేనమ్మా. ఇంకెవరున్నారు నాకు?" అంది మహాలక్ష్మమ్మ.

"ఏదీ, ఒకటల్లండి. హైదరాబాదు అమ్మాయి చూస్తుంది."

ముసలావిడ తప్పించుకోలేక సూది పట్టుకుంది, కుడిచేత్తో. పువ్వు అయిపోగానే అలవాటు చొప్పున దారం మొదలంటా పంటితో కొరికేసింది. హారతి చప్పట్లు కొట్టింది. రత్నమాణిక్యంగారు ఆ పువ్వునీ చేటలో పువ్వునీ పక్కపక్కన పెట్టి కాసేపు చూసింది. తర్వాత లేచి, ముసలావిడ వంక కాకుండా, వంటింటి తడిక వంక తిరిగి అరిచింది.

"బేబీ! ఒసేయ్ బేబీ! బయటికొస్తావా, నన్ను రమ్మంటావా?"

తడిక వెనక నుంచి మెల్లిగా మాట వినపడింది.

"అరవకే అక్కా. నేను పోయినదాన్ని."

ఆ గొంతు నేనెరుగుదును. చిన్నప్పుడు నా పడవలోనే బడికెళ్ళిన పిల్ల. దినం గారెలు తిన్నవాణ్ణి, ఆ మనిషే తడిక తోసుకుని ఎదురుగా వస్తుంటే నిలబడ్డానంటే నా మొండితనమే. జుట్టు సగం నెరిసింది, చేతులు పుల్లలయ్యాయి. బేబే, సందేహం లేదు. అక్క వెళ్ళి పట్టుకుని ముందు చెంప మీద ఒక్కటిచ్చింది, ఆ తర్వాత వాటేసుకుని బావురుమంది.

బేబి చెప్పింది ఇదీ. తుఫానులో చెక్క పట్టుకుని తేలితే చేపల పడవవాళ్ళు తీసి కాకినాడ ఆసుపత్రిలో పడేశారట. జ్వరంలో నెల రోజులు పేరు కూడా చెప్పలేకపోయింది. కాస్త కోలుకున్నాక లంకల మీదుగా పడవలు మారుతూ అక్క దగ్గరికి బయల్దేరింది. జువ్వలలంక రేవులో ఇంకో పడవ దిగుతున్న ఆడవాళ్ళు, ఎవరో తుఫానులో పోయిన పిల్ల దినానికి వెళ్ళొస్తున్నామని, అక్కగారు గారెలు బాగా పెట్టిందని, పాపం కూతురు చూలాలని మాట్లాడుకున్నారు. అందులో మహాలక్ష్మమ్మ ఒకతె. ఎవరి దినం అని బేబి అడిగింది. చెప్పారు.

"కర్మ అయిపోయినదాన్ని, చూలాలున్న ఇంటికి ఎలా రానే? మన వెంకటదుర్గకి రెండు కాన్పులు పోయాయి. మూడోది నా మూలంగా పోతే?" అంది బేబి. "ఒడ్డునే కూలబడ్డాను. ఈ పిన్నిగారు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది."

"పిల్లాడు పుట్టి నాలుగేళ్ళవుతోంది కదే దౌర్భాగ్యురాలా! అప్పుడైనా రావద్దూ? శాంతి చేయించేదాన్ని కదా! ఇప్పుడైనా పద."

"వాడికి రేపు జ్వరమొస్తే మీ అల్లుడు ఎవర్నంటాడే? వాడి పేరేంటి?"

"దుర్గాసాయి. నీ పేరే. వాడిదీ ఎడమచేతి వాటమే. నువ్వే మళ్ళీ పుట్టావని..."

బేబి నవ్వింది. ఆ నవ్వు నాకిప్పటికీ కళ్ళ ముందుంటుంది. "అయితే నేనెప్పుడో ఇంటికొచ్చేశాను కదే. ఇంకా రమ్మంటావేంటి?"

అక్క ఎంత బతిమాలినా, ఎంత తిట్టినా ఆ పిల్ల గడప దిగలేదు. పువ్వుల్లో తోక వదలడం ఒక్కటీ మానలేకపోయానంది. ఇదంతా అక్కాచెల్లెళ్ళ తగువు అనుకుంది హారతి. ఇద్దర్నీ కలిపి ఒక ఫొటో తీస్తానంటే బేబి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "పోయినవాళ్ళకి ఒక్క ఫొటో చాలమ్మా. మా అక్కింట్లో దండ వేసి ఉందది."

ఆటు మొదలవుతుంటే పడవ తిప్పాను. రేవు కనపడ్డాక రత్నమాణిక్యంగారు నా వంక తిరిగింది.

"తమ్ముడూ, నీ నోటికి దండం పెడతాను."

"పెట్టక్కర్లేదక్కగారూ" అన్నాను. ఏడుపొచ్చేసింది నాకు, సిగ్గెందుకు.

ఆ ఏటి నుంచి తద్దినం నాడు ఆవిడ పొద్దున్నే గారెలు రెండు వాయలు వేసేది. ఒక వాయ ముందే తీసి కొంగు చాటున దాచేది. కాకి వచ్చేది, చూసేది, పోయేది. అల్లుడు తల పట్టుకునేవాడు. ఆవిడకి మాత్రం పెదవి కొసన నవ్వు. అంతమంది భయపడేదానికి ఆవిడొక్కతే సంతోషించేది. కాకి ముట్టలేదంటే అక్కడ చెల్లెలు బతికే ఉందని. ముట్టని ముద్ద గోదాట్లో కలిపొస్తానని చెప్పి నా పడవెక్కేది. ముద్ద నీళ్ళలో వేసి, గారెల పొట్లంతో జువ్వలలంక వెళ్ళేవాళ్ళం. ఆ అరుగు మీద కూర్చుని బేబి తన తద్దినం గారెలు తనే తినేది.

"ఉప్పు తక్కువేశావే. పోయినదానికి ఏం తెలుస్తుందిలే అనా?" అనేది ప్రతి ఏడూ.

"నోర్మూసుకుని తిను. తద్దినానికి వంకలు పెట్టేదాన్ని నిన్నే చూశాను" అనేది అక్క. ఇద్దరూ కడుపుబ్బ నవ్వేవారు. నేను మాత్రం ఒక్కోసారి ఆ నవ్వులు వినలేక మడ చెట్ల వంక తిరిగి కూర్చునేవాణ్ణి.

ఐదేళ్ళు గడిచాయి. రెండువేల ఆరులో తద్దినం నాడు నేను వాళ్ళ వీధరుగు మీదే ఉన్నాను, ఆవిడ ఎప్పుడొస్తుందా అని. అల్లుడు ఆకు తెచ్చి గోడ మీద పెట్టాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడో లేదో, ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒక కాకి వాలి ముద్ద ముక్కున కరుచుకుని పోయింది. వెనకే ఇంకో నాలుగు. చూస్తుండగానే ఆకు ఖాళీ.

"హమ్మయ్య! ఇన్నాళ్ళకి చిన్నత్తగారు శాంతించారు" అన్నాడు అల్లుడు. వెంకటదుర్గ ఆనందంతో చేతులు జోడించింది. ఇరుగుపొరుగు కూడా వచ్చి చూశారు.

రత్నమాణిక్యంగారు గుమ్మంలో నిలబడి ఆ ఖాళీ ఆకు వంకే చూస్తోంది. కొంగు చాటున పొట్లం అలాగే ఉంది.

"తమ్ముడూ, పడవ తియ్యి."

"ముద్ద తినేసింది కదత్తయ్యా, ఇంకెందుకు గోదారికి?" అన్నాడు అల్లుడు. ఆవిడ వినిపించుకోలేదు. పోటు ఇంకా రాలేదక్కగారూ అని నేనూ అనలేకపోయాను.

పాయలో నీళ్ళు లేక దిగి పడవ తోశాను. ఆవిడ పొట్లం ఒళ్ళో పెట్టుకుని ముందుకే చూస్తూ కూర్చుంది. దూరం నుంచే కనపడింది, ఒడ్డున మహాలక్ష్మమ్మ నెత్తిన చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. "తెల్లారగట్ట పోయిందమ్మా. నీకు కబురెలా చేయాలో తెలియక చస్తున్నాను" అని గొల్లుమంది.

బేబిని అరుగు మీదే పడుకోబెట్టారు. పక్కన చేటలో పువ్వులు, ప్రతిదానికీ జానెడు తోక. కార్యాలెలా అని లంకవాళ్ళు అడుగుతుంటే నేనూ ఆవిడ వంక చూశాను.

"అన్నీ అయిపోయినవేగా తమ్ముడూ. పదేళ్ళ కిందటే చేసేశాం" అంది.

తర్వాత చెల్లెలి తల పక్కన కూర్చుని పొట్లం విప్పింది. గారె ఒకటి తుంచి ముందు తన నోట్లో వేసుకుని చూసింది.

"ఉప్పు ఈసారి సరిపోయిందే" అంది. "లేచి చూడవే బేబీ, ఒక్కసారి."